ఆపరేషన్ థియేటర్‌లో లేటెక్స్ అలర్జీ: రబ్బరు గ్లవ్స్ పడనివారి విషయంలో ఆసుపత్రి ఏం చేయాలి, ఇంటివాళ్లు ఏం చెప్పాలి

ఆపరేషన్‌కు అడ్మిట్ అయిన ప్రతి పేషెంట్‌నూ నర్సు ఒక మాట అడుగుతుంది: "ఏమైనా అలర్జీ ఉందా?" చాలామంది మందుల పేర్లే చెబుతారు. పెన్సిలిన్ పడదనో, సల్ఫా మాత్రలు పడవనో అంటారు. రబ్బరు సంగతి చెప్పేవాళ్లు చాలా తక్కువ. బెలూన్ ఊదితే పెదాలు వాస్తాయని ఇంట్లో అందరికీ తెలిసే ఉంటుంది, కానీ ఆ విషయానికీ ఆపరేషన్‌కూ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు.

సంబంధం ఉంది. బెలూన్ తయారయ్యే రబ్బరు పాలతోనే సర్జన్ చేతి గ్లవ్స్ కూడా తయారవుతాయి. మూత్రం కోసం వేసే పైపు, చేతికి బిగించే రబ్బరు పట్టీ కూడా చాలాచోట్ల అదే రబ్బరుతో ఉంటాయి. ఒంటి మీద తగిలితే దురదతో పోయే అలర్జీ, కడుపు లోపల తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. పైగా మత్తులో ఉన్న మనిషి "నాకు దురదగా ఉంది, ఊపిరి ఆడటం లేదు" అని చెప్పలేడు. కాబట్టి ఈ విషయం థియేటర్ తలుపు దాటకముందే తేలిపోవాలి.

లేటెక్స్ అంటే ఏమిటి?

రబ్బరు చెట్టు బెరడును గాటు పెడితే కారే తెల్లటి పాలే లేటెక్స్. మన దేశంలో ఈ తోటలు ఎక్కువగా కేరళలో ఉన్నాయి. ఆ పాలలో రబ్బరుతో పాటు చెట్టుకు సంబంధించిన ప్రోటీన్లు కూడా ఉంటాయి. అలర్జీ వచ్చేది ఈ ప్రోటీన్ల వల్లే.

రబ్బరు వస్తువులన్నీ ఒకే స్థాయిలో ప్రమాదకరం కావు. అచ్చును రబ్బరు పాలలో ముంచి తీసి చేసే పల్చటి, సాగే వస్తువుల్లో ఈ ప్రోటీన్లు ఎక్కువగా మిగులుతాయి. గ్లవ్స్, బెలూన్లు, కండోమ్‌లు ఈ కోవలోకి వస్తాయి. టైర్లు, చెప్పుల అడుగులు లాంటి గట్టి రబ్బరుతో ఇబ్బంది చాలా తక్కువ. గోడలకు వేసే "లేటెక్స్ పెయింట్"లో చెట్టు రబ్బరు ఉండదు, దానితో ఈ అలర్జీకి సంబంధం లేదు.

రియాక్షన్ మూడు రకాలు

గ్లవ్స్ వేసుకుంటే చేతులు పాడయ్యే ప్రతి ఒక్కరికీ లేటెక్స్ అలర్జీ ఉన్నట్టు కాదు. డాక్టర్లు దీన్ని మూడు రకాలుగా చూస్తారు.

ఒకటి, చర్మం ఒరుసుకుపోవడం. గంటల తరబడి గ్లవ్స్‌లో చెమట పట్టడం, మాటిమాటికీ సబ్బుతో కడగడం, గ్లవ్స్ పౌడర్ వల్ల చేతులు ఎండిపోయి పగుళ్లు వస్తాయి. ఇది అలర్జీయే కాదు. కానీ పగిలిన చర్మంలోంచి ప్రోటీన్లు తేలిగ్గా లోపలికి వెళ్తాయి కాబట్టి దీన్నీ తీసిపారేయకూడదు.

రెండు, ఆలస్యంగా వచ్చే అలర్జీ. ఇది రబ్బరు తయారీలో కలిపే థయూరమ్, కార్బమేట్ లాంటి కెమికల్స్ వల్ల వస్తుంది. తగిలిన ఒకటి రెండు రోజులకు చర్మం ఎర్రబడి, దురద పెట్టి, చిన్న పొక్కులు లేస్తాయి. బాధగా ఉంటుంది గానీ ప్రాణాపాయం ఉండదు. ఇవే కెమికల్స్ కొన్ని నైట్రైల్ గ్లవ్స్‌లో కూడా ఉంటాయి. అందుకే కొందరికి గ్లవ్స్ మార్చినా దురద తగ్గదు.

మూడు, వెంటనే వచ్చే అలర్జీ. అసలు ప్రమాదం ఇదే. ఒంట్లో రబ్బరు ప్రోటీన్‌కు వ్యతిరేకంగా ఐజీఈ అనే యాంటీబాడీలు ముందే తయారై ఉంటాయి. మళ్లీ తగలగానే నిమిషాల్లో దద్దుర్లు, కళ్లు ఎర్రబడటం, తుమ్ములు, ముఖం వాపు, పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. ముదిరితే బీపీ పడిపోయి అనాఫిలాక్సిస్‌లోకి వెళ్తుంది. అంటే ఒళ్లంతా ఒకేసారి దెబ్బతినే తీవ్రమైన అలర్జీ.

ఎవరికి ప్రమాదం ఎక్కువ?

ఈ అలర్జీ పుట్టుకతో రాదు. రబ్బరు ఎన్నిసార్లు, ఎంత లోతుగా తగిలిందన్న దాన్ని బట్టి పెరుగుతుంది.

• స్పైనా బైఫిడా, అంటే వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టిన పిల్లలు. అందరికంటే ఎక్కువ ప్రమాదం వీళ్లకే. పసితనం నుంచే వరుస ఆపరేషన్లు, రోజూ మూత్రం పైపు వాడాల్సి రావడం ఇందుకు కారణం.
• మూత్రనాళ లోపాలతో పుట్టి, చిన్నప్పుడే చాలాసార్లు ఆపరేషన్లు అయిన పిల్లలు.
• ఏ వయసులోనైనా ఎక్కువ ఆపరేషన్లు జరిగినవాళ్లు.
• డాక్టర్లు, నర్సులు, థియేటర్ టెక్నీషియన్లు, ల్యాబ్ సిబ్బంది, డెంటల్ సిబ్బంది.
• గ్లవ్స్, బెలూన్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు, రోజంతా రబ్బరు గ్లవ్స్‌తో శుభ్రం చేసే పనివాళ్లు.
• ఆస్తమా, ఎగ్జిమా, తరచూ తుమ్ములు లాంటి అలర్జీ తత్వం ఉన్నవాళ్లు.

2016లో వెలువడిన ఒక అంతర్జాతీయ సమీక్ష వేసిన లెక్క ప్రకారం ఆసుపత్రి సిబ్బందిలో సగటున 9.7 శాతం మందికి, సాధారణ జనంలో 4.3 శాతం మందికి లేటెక్స్ అలర్జీ ఉంది. దేశాన్ని బట్టి, వాడే గ్లవ్స్‌ను బట్టి ఈ అంకెలు మారతాయి.

పండ్లతో ఉన్న లింకు

అరటిపండు తింటే నోట్లో దురద, కివీ తింటే పెదాల వాపు. ఇఫ్తార్ పళ్లెంలో బొప్పాయి ముక్క తినగానే గొంతులో గరగర. ఇలాంటివి ఇంట్లో "పడదులే" అనుకుని వదిలేస్తారు. అయితే కొన్ని పండ్లలోని ప్రోటీన్లు రబ్బరు ప్రోటీన్లను పోలి ఉంటాయి. ఒంటికి ఆ తేడా తెలియక రెండింటికీ ఒకేలా రియాక్షన్ ఇస్తుంది. దీన్నే లేటెక్స్-ఫ్రూట్ సిండ్రోమ్ అంటారు. అరటి, అవకాడో, కివీ, చెస్ట్‌నట్ ఈ జాబితాలో ముందుంటాయి. బొప్పాయి, మామిడి, టమాటా, బంగాళాదుంప పేర్లు కూడా వినిపిస్తాయి.

అరటిపండు పడనివాళ్లందరికీ లేటెక్స్ అలర్జీ ఉందని దీని అర్థం కాదు. ఆపరేషన్‌కు ముందు డాక్టర్‌కు చెప్పాల్సిన విషయాల్లో ఇదీ ఒకటి, అంతే.

ఈ సమస్య ఎలా పెరిగింది, ఎలా తగ్గింది?

రబ్బరు గ్లవ్స్ వందేళ్లకు పైగా వాడుకలో ఉన్నాయి. కానీ వెంటనే వచ్చే లేటెక్స్ అలర్జీ గురించి వైద్య పత్రికల్లో గట్టిగా చర్చ మొదలైంది 1979 తర్వాతే. ఎయిడ్స్ భయంతో 1987లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ, ప్రతి పేషెంట్ రక్తాన్నీ ఇన్ఫెక్షన్ ఉన్నట్టే భావించి జాగ్రత్త పడాలని చెప్పింది. దాంతో గ్లవ్స్ వాడకం ఒక్కసారిగా పెరిగింది. అలర్జీ కేసులూ ఆ వెంటే పెరిగాయి. పేగుల ఎక్స్‌రే కోసం వాడే పైపుకు ఉన్న లేటెక్స్ బెలూన్ తగిలి పేషెంట్లు చనిపోయిన ఘటనలు కూడా బయటపడ్డాయి. 1991లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆసుపత్రులను హెచ్చరించింది.

పౌడర్ గ్లవ్స్ ఈ సమస్యను ఇంకా పెంచాయి. గ్లవ్స్ తేలిగ్గా ఎక్కడానికి లోపల మొక్కజొన్న పిండి పౌడర్ చల్లుతారు. రబ్బరు ప్రోటీన్లు ఆ పౌడర్‌కు అంటుకుంటాయి. గ్లవ్స్ "టప్" మని లాగి తీసిన ప్రతిసారీ పౌడర్ గాల్లోకి లేచి, గదిలో ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే రియాక్షన్ రావచ్చు.

1990ల చివర్లో జర్మనీ పౌడర్ లేటెక్స్ గ్లవ్స్‌ను ఆసుపత్రుల నుంచి తీయించింది. ఆ తర్వాత అక్కడి సిబ్బందిలో కొత్త కేసులు బాగా తగ్గాయి. అమెరికాలో పేరున్న జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 2008లో లేటెక్స్ గ్లవ్స్ వాడకాన్నే మానేసింది. ఎఫ్‌డీఏ పౌడర్ గ్లవ్స్‌పై పూర్తి నిషేధాన్ని 2017 జనవరి 18 నుంచి అమల్లోకి తెచ్చింది. గ్లవ్స్ మారిస్తే జబ్బు తగ్గుతుందని వీటితో రుజువైంది. మన దగ్గర మాత్రం మెడికల్ షాపుల్లో పౌడర్ గ్లవ్స్ ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. అందుకే ఇక్కడ పేషెంట్ తరఫువాళ్లు అడిగి తెలుసుకోవడం మరీ అవసరం.

థియేటర్‌లో రబ్బరు ఎక్కడెక్కడ ఉండొచ్చు?

గ్లవ్స్ ఒక్కటే మారిస్తే పని అయిపోదు. చెక్ చేయాల్సినవి చాలా ఉంటాయి.

• సర్జన్, నర్సు, మత్తు డాక్టర్ వాడే గ్లవ్స్. చెకప్‌కు వాడే మామూలు గ్లవ్స్ కూడా.
• మూత్రం పైపు, అంటే ఫోలీ కేథటర్. పసుపు రంగులో కనిపించేవి చాలావరకు లేటెక్స్‌వే.
• గాయంలో పెట్టే రబ్బరు డ్రెయిన్లు, ఎర్ర రబ్బరు పైపులు.
• రక్తం తీసేటప్పుడు చేతికి కట్టే టోర్నికే పట్టీ, సాగే బ్యాండేజీలు.
• మత్తు మెషీన్‌కు ఉండే నల్ల బ్యాగ్, పాతకాలపు మాస్కులు.
• బీపీ పట్టీ గొట్టాలు, స్టెతస్కోప్ గొట్టం.
• కొన్ని అతుకు ప్లాస్టర్లు.
• కొన్ని ఇంజెక్షన్ సీసాల మూతలు, కొన్ని సిరంజిల పిస్టన్లు, సెలైన్ సెట్‌లో సూది గుచ్చే రబ్బరు భాగం.

ఇప్పుడు చాలా కంపెనీలు వీటిని లేటెక్స్ లేకుండానే చేస్తున్నాయి. అయినా ప్యాకెట్ మీద చూసి నిర్ధారించుకోవాలి. ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి: "సిలికాన్ కోటెడ్" అని రాసి ఉన్న కేథటర్ లోపల ఉండేది లేటెక్సే, పైన పూత మాత్రమే సిలికాన్. లేటెక్స్ అలర్జీ ఉన్నవారికి పూర్తిగా సిలికాన్‌తో చేసిన కేథటరే కావాలి. అలాగే "హైపో అలర్జెనిక్" అన్న మాటను నమ్మకూడదు. లేటెక్స్ వస్తువుల మీద ఆ మాట రాయడాన్ని 1997 నాటి రూల్‌తోనే ఎఫ్‌డీఏ ఆపేసింది.

థియేటర్‌ను ఎలా సిద్ధం చేస్తారు?

ఆసుపత్రుల్లో దీన్ని "లేటెక్స్ సేఫ్" పద్ధతి అంటారు. ఇంత పెద్ద భవనంలో రబ్బరు అసలే లేకుండా చేయడం కుదరదు. పేషెంట్‌కు తగలకుండా చూడటం మాత్రం కుదురుతుంది.

మొదటిది, సమాచారం. అలర్జీ ఉందని తెలియగానే కేస్ షీట్ మీద పెద్దగా రాస్తారు, పేషెంట్ చేతికి వేరే రంగు బ్యాండ్ వేస్తారు. వార్డు బెడ్ దగ్గర, థియేటర్ తలుపు మీద బోర్డు పెడతారు. సర్జన్, మత్తు డాక్టర్, థియేటర్ నర్సు, రికవరీ రూమ్ నర్సు అందరికీ చెప్పాలి. వార్డులో తెలిసిన మాట థియేటర్‌కు చేరకపోతే చేసిన జాగ్రత్తంతా వృథా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన సర్జరీ చెక్‌లిస్టులో, మత్తు ఇచ్చేముందు అలర్జీ గురించి అడగడం ఒక తప్పనిసరి అంశం.

రెండోది, టైమ్. ముందుగా ప్లాన్ చేసిన ఆపరేషన్ అయితే ఆ రోజు మొదటి కేసుగా పెడతారు. రాత్రంతా ఖాళీగా ఉన్న గదిలో గాల్లోని పౌడర్ కిందికి దిగిపోయి ఉంటుంది, ఉదయాన్నే తడిగుడ్డతో తుడిచి సిద్ధం చేస్తారు. ఎప్పటి నుంచో పౌడర్ లేని గ్లవ్స్ మాత్రమే వాడే థియేటర్లలో దీని అవసరం తక్కువ.

మూడోది, సామాను. లేటెక్స్ లేని వస్తువులన్నీ ఒక ప్రత్యేక ట్రాలీలో ఉంచుతారు. ఆపరేషన్‌కు నియోప్రీన్ లేదా పాలీఐసోప్రీన్ గ్లవ్స్, చెకప్‌కు నైట్రైల్ గ్లవ్స్, సిలికాన్ కేథటర్, ప్లాస్టిక్ డ్రెయిన్లు అందులో ఉంటాయి. పేషెంట్ రికవరీ రూమ్‌కు, వార్డుకు వెళ్లినప్పుడు ట్రాలీ కూడా వెంట వెళ్లాలి.

నాలుగోది, మనుషులు. గదిలో అవసరమైనవాళ్లే ఉంటారు. లేటెక్స్ గ్లవ్స్ వాడి వచ్చినవాళ్లు చేతులు కడుక్కుని, గౌను మార్చుకుని రావాలి.

ముందుగా స్టెరాయిడ్, అలర్జీ ఇంజెక్షన్ ఇచ్చి మామూలు గ్లవ్స్‌తోనే చేసేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఆ ఇంజెక్షన్లు అనాఫిలాక్సిస్‌ను ఆపుతాయన్న నమ్మకం లేదు. రబ్బరు తగలకుండా చూడటమే అసలైన రక్షణ.

ఆపరేషన్ మధ్యలో రియాక్షన్ వస్తే?

మత్తులో ఉన్నప్పుడు గుర్తుపట్టడం కష్టం. ఒళ్లంతా గుడ్డలు కప్పి ఉంటాయి కాబట్టి దద్దుర్లు కనిపించవు. బీపీ ఒక్కసారిగా పడిపోవడం, ఊపిరితిత్తుల్లోకి గాలి పంపడం కష్టమవడం, ఆక్సిజన్ తగ్గడం, గుండె వేగం పెరగడం తొలి గుర్తులు.

టైమ్ కూడా ఒక క్లూ ఇస్తుంది. మత్తు మందులు, యాంటీబయాటిక్స్ వల్ల వచ్చే రియాక్షన్ సాధారణంగా ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లో వస్తుంది. లేటెక్స్ రియాక్షన్ చాలాసార్లు ఆపరేషన్ మొదలయ్యాక 30 నుంచి 60 నిమిషాల్లో వస్తుంది, ఎందుకంటే గ్లవ్స్ నుంచి ప్రోటీన్ లోపలి పొరల్లోకి పీల్చుకోవడానికి కొంత సమయం పడుతుంది.

అప్పుడు డాక్టర్లు ముందుగా లేటెక్స్ వస్తువులన్నీ తీసేసి, గ్లవ్స్ మారుస్తారు. నూరు శాతం ఆక్సిజన్ ఇస్తారు, సెలైన్ వేగంగా ఎక్కిస్తారు. ప్రాణం కాపాడే అసలు మందు అడ్రినలిన్. స్టెరాయిడ్, అలర్జీ మందులు ఆ తర్వాతి స్థానంలోనే. అదే సమయంలో ట్రిప్టేజ్ అనే రక్త పరీక్షకు శాంపిల్ తీస్తే, జరిగింది అనాఫిలాక్సిసేనా అన్నది తర్వాత తేల్చుకోవడానికి ఉపయోగపడుతుంది. ఆపరేషన్‌లో ఇలా జరిగి బయటపడిన వ్యక్తి దేనివల్ల జరిగిందో తేల్చుకోకుండా ఇంకో ఆపరేషన్‌కు వెళ్లకూడదు.

పరీక్షలు ఏమున్నాయి?

అన్నిటికంటే ముఖ్యం పేషెంట్ చెప్పే చరిత్ర. బెలూన్, గ్లవ్స్, కండోమ్, డెంటల్ చెకప్ తర్వాత ఏం జరిగిందో వివరంగా చెప్పాలి. ఆ తర్వాత రక్తంలో లేటెక్స్ ఐజీఈ పరీక్ష చేయించొచ్చు. ఇది నెగెటివ్ వచ్చినా, చరిత్ర బలంగా ఉంటే జాగ్రత్తలు మానకూడదు. చర్మం మీద చుక్క వేసి గుచ్చే ప్రిక్ టెస్ట్‌ను అలర్జీ స్పెషలిస్ట్ దగ్గర, అత్యవసర మందులు అందుబాటులో ఉన్న చోటే చేయించాలి. ఆలస్యంగా వచ్చే కెమికల్ అలర్జీకి ప్యాచ్ టెస్ట్ వేరే ఉంటుంది, అది స్కిన్ డాక్టర్ చేస్తారు. ఇంట్లో బెలూన్ రుద్ది చూడటం లాంటి సొంత ప్రయోగాలు వద్దు.

పెద్ద ఆపరేషన్లకే కాదు

కాన్పులో లోపలి పరీక్షలు, మూత్రం పైపు, సిజేరియన్... ఒక్క రోజులోనే రబ్బరు చాలాసార్లు తగులుతుంది. గర్భిణికి ఈ అలర్జీ ఉంటే తొలి నెలల్లోనే డాక్టర్‌తో చెప్పి ఫైలులో రాయించుకోవాలి. కండోమ్ వాడినప్పుడు దురద, వాపు వచ్చిన విషయం చెప్పడానికి చాలామంది సిగ్గుపడతారు. మగ డాక్టర్‌కు చెప్పలేకపోతే లేడీ డాక్టర్‌కో, నర్సుకో చెప్పినా చాలు. డాక్టర్‌కు అది చాలా ముఖ్యమైన ఆధారం.

పంటి చికిత్సలో గ్లవ్స్ నేరుగా నోట్లోనే ఉంటాయి. పిల్లల ఖత్నాకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. బాబుకు పుట్టుకతో మూత్రనాళ సమస్య ఉన్నా, ఇంతకుముందు ఆపరేషన్లు అయినా, ఖత్నా ఇంటి దగ్గర కాకుండా పిల్లల సర్జన్ చేత ఆసుపత్రిలో చేయించడం మంచిది. కొన్ని మూత్రనాళ లోపాలుంటే అసలు ఖత్నా వాయిదా వేయమని సర్జనే చెబుతారు. హిజామా చేయించుకునేవాళ్లు కూడా ఎదుటివారు ఏ గ్లవ్స్ వాడుతున్నారో అడగాలి.

ఆసుపత్రిలో పనిచేసే మన పిల్లలకు

నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులు చేసి ఉద్యోగాల్లో చేరిన అమ్మాయిలు, అబ్బాయిలు మన కుటుంబాల్లో చాలామంది ఉన్నారు. డ్యూటీలో ఉన్నప్పుడే తుమ్ములు, కళ్ల దురద, ఆయాసం వచ్చి, సెలవు రోజున తగ్గిపోతుంటే దాన్ని జలుబు అనుకోవద్దు. సూపర్‌వైజర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి, పరీక్ష చేయించుకోవాలి. తను నైట్రైల్ గ్లవ్స్‌కు మారితే సరిపోదు. పక్కవాళ్లు కూడా పౌడర్ లేని గ్లవ్స్ వాడాలి, లేదంటే గాల్లోంచి వచ్చేది వస్తూనే ఉంటుంది. అలాగని గ్లవ్స్ లేకుండా పనిచేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ పరిష్కారం కాదు.

తరచూ వచ్చే ప్రశ్నలు

ఎమర్జెన్సీ ఆపరేషన్ అయితే, లేటెక్స్ లేని సామాను దొరక్కపోతే?
ప్రాణం కాపాడే ఆపరేషన్ ఆపరు. దొరికిన సింథటిక్ గ్లవ్స్‌తో, అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని చేస్తారు. చెప్పడం మాత్రం మానవద్దు. చెబితేనే వాళ్లు సిద్ధంగా ఉంటారు.

ఈ అలర్జీ నయమవుతుందా?
పూర్తిగా నయం చేసే మందు సాధారణ వాడుకలో లేదు. రబ్బరుకు దూరంగా ఉంటే లక్షణాలు రాకుండా చూసుకోవచ్చు. ఏళ్లుగా ఏమీ రాలేదని అలర్జీ పోయిందనుకోకూడదు.

ఖర్చు పెరుగుతుందా?
నైట్రైల్ గ్లవ్స్‌కు పెద్ద తేడా ఉండదు. సర్జరీ గ్లవ్స్, సిలికాన్ కేథటర్‌కు కొంత ఎక్కువ అవుతుంది. ఆరోగ్యశ్రీ కింద అడ్మిట్ అయితే ఈ విషయం అడ్మిషన్ రోజునే ఆరోగ్యమిత్రకు, డాక్టర్‌కు ఇద్దరికీ చెప్పాలి. సామాను తెప్పించడానికి వాళ్లకు టైమ్ దొరుకుతుంది.

అడ్మిషన్‌కు ముందు ఇంటివాళ్లు చేయాల్సినవి

1. ఆపరేషన్ తేదీ ఇచ్చిన రోజే సర్జన్‌కు, మత్తు డాక్టర్‌కు విడివిడిగా చెప్పండి. "మా అమ్మీకి రబ్బరు గ్లవ్స్ పడవు, ఒకసారి ముఖం వాచింది" అన్నట్టు జరిగిన సంగతి చెబితే చాలు. జబ్బు పేరు తెలియకపోయినా ఫర్వాలేదు.
2. పాత డిశ్చార్జ్ సమ్మరీలు, అలర్జీ రిపోర్టులు వెంట తీసుకెళ్లండి.
3. కేస్ షీట్ మీద "లేటెక్స్ అలర్జీ" అని రాశారో లేదో కళ్లతో చూడండి.
4. మొదటి కేసుగా పెట్టగలరా అని అడగండి.
5. మూత్రం పైపు పూర్తి సిలికాన్‌దేనా అని అడగండి.
6. షిఫ్ట్ మారి కొత్త నర్సు వచ్చిన ప్రతిసారీ మళ్లీ చెప్పండి. విసుక్కుంటారని మొహమాటపడకండి.
7. పిల్లల వార్డులో పరామర్శకు వచ్చేవాళ్లు బెలూన్లు తేకుండా చూడండి.
8. డిశ్చార్జ్ అయ్యేటప్పుడు సమ్మరీలో ఈ అలర్జీ రాయించుకోండి. ఒక కాగితం మీద తెలుగులో, ఇంగ్లిష్‌లో రాసి పర్సులో ఉంచండి. ఫోన్‌లోని మెడికల్ ఐడీలో కూడా పెట్టండి. తీవ్రమైన రియాక్షన్ ఒకసారి వచ్చినవాళ్లు అడ్రినలిన్ దగ్గర ఉంచుకోవాలా అన్నది తమ డాక్టర్‌ను అడగాలి.

ఈ వ్యాసం అవగాహన కోసం మాత్రమే. అనుమానం ఉన్నవాళ్లు ఆపరేషన్ తేదీ దగ్గరపడేదాకా ఆగకుండా, ముందే అలర్జీ స్పెషలిస్ట్‌ను కలవడం మంచిది.